పదిన్నర పడవ

సెందాయ్,
ఫిబ్రవరి 19, సోమవారం.

ఏమండీ,

నమస్కారాలు. కొకురాలో మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమం అని చేతి అలవాటుకొద్దీ రాసి, మళ్ళీ కొట్టేశాను. అందరం అనడానికి ఈ ఇంట్లో ఇప్పుడు ఉన్నది నేనొక్కదాన్నే. నేను క్షేమమే. అత్తయ్య ముందుగదిలో తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద, తన ఫొటో పక్కన, అస్థికల కలశంలో ఉన్నారు. రోజూ పొద్దున్నే అన్నం, నీళ్ళు, టీ పెడుతున్నాను. టీ చల్లారితే ఆవిడకి నచ్చదు కనుక మధ్యలో ఒకసారి మారుస్తున్నాను.

మీ ఉత్తరం గురువారం అందింది. అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. పెరటి కొళాయి గడ్డకట్టింది కానీ గొట్టం పగల్లేదు. పాత తువ్వాలు చుట్టి ఉంచాను. మీ ఉన్ని బనియన్లు రెండు పార్సిల్ చేశాను, మూడోది పురుగు కొట్టేసింది. నలభై తొమ్మిదో రోజు కార్యం మార్చి ఆరున పడింది, అది బుధవారం. మీకు సెలవు దొరకదని మూడో తారీఖు ఆదివారానికే గుడిలో మాట్లాడి పెట్టాను. ఆ రోజే కలశం సమాధిలో పెట్టేస్తారు. భోజనాలు పాతికమందికి చెప్పాను. తోమి గారు, షిగే గారు ఇద్దరూ తప్పకుండా వస్తామన్నారు. అత్తయ్యతో అల్లికల మిల్లులో ఇరవై ఏళ్ళు పక్కపక్క మిషన్ల మీద పనిచేసిన ఆ ఇద్దరూ మీకు కొత్తవాళ్ళు కాదు. అయినా అంత్యక్రియల రోజున మీరు ఒకరిని పట్టుకుని ఇంకొకరి పేరు పెట్టి పిలిచి ఆవిడ మొహం మాడ్చుకునేలా చేశారు కాబట్టి గుర్తుచేస్తున్నాను. గట్టిగా మాట్లాడే ఆవిడ తోమి. చెవులు సరిగా వినపడని ఆవిడ షిగే.

ఇక మీ ఆఖరి ప్రశ్న. ఉత్తరంలో సగం దాని గురించే ఉంది. కార్యానికి వచ్చినవాళ్ళ ముందు ఇంటి యజమానిగా నాలుగు మాటలు చెప్పాలి కదా, నవంబరులో అమ్మ తను పుట్టిన ఊరి నది మీద పడవెక్కిన సంగతి చెబుతాను, సరంగు ఏం పాట పాడాడు, అమ్మ ఏమంది, అన్నీ వివరంగా రాయి అన్నారు. అంత్యక్రియల రోజున కూడా వచ్చిన చుట్టాలకీ ఎదురింటివాళ్ళకీ మీరు ఆ మాటే చెప్పారు. "పోనీలెండి, అమ్మ ఆ పడవైనా ఎక్కింది, నాకా తృప్తి చాలు" అని. నేను పక్కనే తల వంచుకుని నిలబడ్డాను. రాస్తాను. అయితే ముందు కడుపులో ఉన్నది కాస్త కక్కాలి, లేకపోతే నా కలం కదలదు.

అత్తయ్య దహనం అయిన మర్నాడు మిమ్మల్ని రైలెక్కించడానికి స్టేషన్‌కి వచ్చాను. ఇంకా ఇరవై నిమిషాలుంది. ఎక్కడైనా కూర్చుని ఇద్దరం వేడిగా ఏమైనా తాగుదామనుకున్నాను. మీరు తిన్నగా మిఠాయిల కొట్టు దగ్గరికి వెళ్ళి, "ముప్పై ఎనిమిది ఉండాలి, విడివిడిగా చుట్టినవి, పదిరోజులు నిలవుండేవి" అన్నారు. తల్లి పోయి ఆఫీసుకి నాలుగు రోజులు రాలేదు కనుక, మీ అందరికీ ఇబ్బంది కలిగించాను మన్నించండి అని ఒక్కొక్కరికీ పంచాలి. అందరూ చేసేదే, నాకు తెలీదా? చెయ్యకపోతే వెనకాల అనుకుంటారు. కానీ ఏమండీ, ముందురోజు నాతోపాటు పుల్లలు పట్టుకుని ఒక్కొక్క ఎముకే ఏరి కలశంలో వేసిన చేతులు అవే కదా. ఆ చేతులతో మీరు పెట్టె తిరగేసి అడుగున తారీఖు చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పెట్టె లాక్కుని పట్టాల మీదికి విసిరేద్దామనిపించింది. కానీ నోరు తెరవలేదు. ఎందుకు తెరవలేదో కూడా చెబుతాను.

నవంబరులో అత్తయ్యకి డెబ్భై ఏడు నిండిన పండగ ఇంట్లో వద్దు, మొగామి నది దగ్గరికి తీసుకెళ్దాం అన్నది నేను. సత్రంలో గదులు చెప్పింది నేను. ఆ పండగకి కూర్చోబెట్టే ఊదారంగు దిండు కుట్టింది నేను. సంచులు మోసింది నేను. పుట్టిన ఊరు రెండున్నర గంటల దూరంలో పెట్టుకుని, పంతొమ్మిదో ఏట పెళ్ళై వచ్చిన మనిషి మళ్ళీ ఒక్కసారి ఆ నది మొహం చూడలేదు. ముందు అత్తమామలు, తరవాత యుద్ధం, తరవాత మిల్లు, తరవాత మీ చదువు. వాళ్ళ నాన్న ఆ నదిలోనే బొగ్గుల పడవ నడిపేవాడని మీకు తెలుసా? నాకే ఆ యాత్రలో తెలిసింది.

శనివారం మధ్యాహ్నం మూడింటికి అత్తయ్య, తోమి గారు, షిగే గారు, నేను, నలుగురం సత్రం చేరాం. మీరు రావడానికి ఇంకా మూడు గంటలుంది. అందరం వేడినీళ్ళ బుగ్గలో స్నానానికి దిగాం. పీటలు వేసుకుని వరసగా కూర్చుని ఒకరి వీపు ఒకరు రుద్దుకున్నాం. షిగే గారి వీపు తోమి గారు, తోమి గారి వీపు అత్తయ్య, అత్తయ్య వీపు నేను. నా వెనక ఎవరూ లేరు.

తోమి గారు వెనక్కి చూసి, "అయ్యో, కోడలిపిల్ల వీపు గాలికి ఆరిపోతోంది కదే! అందరూ అటు తిరగండే" అని అరిచారు.

"ఈ వయసులో నన్ను గిరగిరా తిప్పిస్తావా, పాపిష్ఠిదానా" అంటూనే అత్తయ్య తిరిగారు. "నీ నోటికి భయపడే మిల్లులో మేస్త్రీ ఉద్యోగం మానేసి పారిపోయాడు."

"వాడు పారిపోయింది నీ పాటలు వినలేక."

అలా అత్తయ్య నా వీపు రుద్దారు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ చెయ్యి నా వీపు మీద పడటం అదే మొదలు. "ఏమే నోబుకో, ఎముకలు చేతికి తగులుతున్నాయి. వండిందంతా నాకే పెడుతున్నావా?" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మొహం మీద నీళ్ళు పోసుకున్నాను. ఏమండీ, నేను ఆ గంటసేపు సంతోషంగా ఉన్నాను. ఉద్యోగం బదిలీ అయి మీరు కొకురా వెళ్ళిన ఈ ఏడేళ్ళలో నేను అంత సంతోషంగా ఉన్న గంట ఇంకోటి లేదు. అది అప్పుడు నాకు తెలిసుంటే బాగుండేది.

ఆరున్నరకి మీరొచ్చారు. అత్తయ్యని ఊదారంగు దిండు మీద కూర్చోబెట్టాం. "రాణీగారూ, లేచి కాస్త సాకే సారా పొయ్యండి" అని తోమి గారు ఏడిపిస్తున్నారు. మీరు ఒక ఫొటో తీసి, కింద ఫోన్ దగ్గరికి వెళ్ళి ముప్పావుగంట మీ సెక్షన్ వాళ్ళతో మాట్లాడి వచ్చారు. అత్తయ్య తన పళ్ళెంలో చేపముక్కలన్నీ మీ పళ్ళెంలోకి మార్చారు. మీరు అవి తిని కూర్చున్నచోటే నిద్రపోయారు. ఆవిడ ఆ సాయంత్రం మీకు నది కబుర్లు చెప్పాలని దారంతా వరస పెట్టుకుంటూ వచ్చారు. "అలిసిపోయాడు, వాడిని లేపకండే" అని చెప్పి, ఆ ముగ్గురూ మిగతా సాయంత్రమంతా గుసగుసగా మాట్లాడుకున్నారు.

ఆదివారం పొద్దున ఏడింటి బస్సుకి మీరు బయల్దేరారు. సోమవారం తనిఖీ ఉంది కదా. బస్సు దగ్గర మీరు నాకు అప్పజెప్పిన పని గుర్తుందా? మిఠాయి కొట్టువాడు తొమ్మిదికి గానీ తెరవడు, శనివారం సెలవు పెట్టినందుకు ఊరికే వెళ్తే బాగుండదు, ఈ ఊరి అక్రోటు బిళ్ళలు ముప్పై ఎనిమిది మంగళవారానికి అందేలా పంపించు అన్నారు. అది నేను మర్చిపోలేను. ఇంకో మాట కూడా మర్చిపోలేను. అత్తయ్య మీ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని, కళ్ళనీళ్ళతో, "నా కోసం ఇంతదూరం వచ్చింది నువ్వొక్కడివే రా" అన్నారు. నేను మీ సంచీ పట్టుకుని వెనకాలే నిలబడి ఉన్నాను.

పడవ పదిన్నరకి. ఆ రోజు సాయంత్రందాకా పడవలన్నీ నిండిపోయాయి, మాకు దొరికింది అదొక్కటే. పదింటికల్లా వస్తాను, టాక్సీ చెప్పి ఉంచండి, తయారై కూర్చోండి అని ముసలివాళ్ళు ముగ్గురికీ చెప్పి నేను కొట్టుకి వెళ్ళాను. తిరిగి సత్రానికి వచ్చేసరికి పదకొండు దాటింది. ముగ్గురూ కోట్లు వేసుకుని, సంచులు ఒళ్ళో పెట్టుకుని, గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నారు. పడవ వెళ్ళిపోయింది. టాక్సీ కూడా వెళ్ళిపోయింది.

అవునండీ. అత్తయ్య పడవెక్కలేదు. ఇప్పుడు చెబుతున్నాను. మీ ముప్పై ఎనిమిది బిళ్ళల కోసం మీ అమ్మ పడవ పోయింది.

ఆదివారం కదా, మనుషులు వీధి చివరిదాకా బారులు తీరారు, నిలబడి నిలబడి కాళ్ళు పోయాయి అని వాళ్ళకి చెప్పాను. అత్తయ్య "పాపం, ముందు కూర్చోవే" అని నన్ను కూర్చోబెట్టి, వద్దంటున్నా వినకుండా నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని పిసికారు. రైల్లో కిటికీ పక్క చోటు నాకే ఇచ్చారు. రైలు నది వెంట వెళ్తున్నప్పుడు, "అదిగో, నోబుకో, ఆ వంపు దగ్గరే మా ఇల్లు. ఆ రాళ్ళ మీదే మా నాన్న పడవ కట్టేవాడు" అన్నారు. నేను కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు నటించాను. ఆవిడ తన కోటు విప్పి నా మోకాళ్ళ మీద కప్పారు. నేను కళ్ళు తెరవలేదు. ఆ వంపు నేను చూడనే లేదు.

ఎందుకు నటించానో చెబుతాను. ఇన్ని కాగితాలు నేను మీ మీద పడి ఏడ్చింది దీనికి ధైర్యం చాలకే.

కొట్టు ముందు బారు లేదండీ. ఆరుగురు ఉన్నారు. తొమ్మిదీ ఇరవైకి మీ పెట్టె కట్టించి, చిరునామా రాసి, పార్సిల్‌కి ఇచ్చేశాను. సత్రం అక్కడికి పది నిమిషాల నడక. నేను సత్రం వైపు నడవలేదు. ఆ కొట్టు వెనక సందులో చిన్న కాఫీ హోటల్ ఉంది. లోపలికెళ్ళి మూలన కూర్చున్నాను. వెన్న దట్టంగా రాసిన రొట్టె, కాఫీ తెప్పించుకున్నాను. ఎదురుగా గోడగడియారం ఉంది. పదయింది, చూశాను. లేస్తే అందుకోవచ్చు. ఇంకో కాఫీ చెప్పాను. పదీ ఇరవై అయింది. అదీ చూశాను. కొడుకొక్కడే వచ్చాడా అత్తయ్యా? అయితే నీ కొడుకే వచ్చి ఎక్కిస్తాడులే పడవ, అనుకున్నాను. ఆ మాట పైకే అన్నానేమో కూడా, హోటల్ ఆవిడ నావైపు తిరిగి చూసింది. ఆ రొట్టె ఎంత రుచిగా ఉందో చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. కానీ రుచిగానే ఉంది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే మీరు ఫోన్ చేశారు. అత్తయ్యే ఎత్తారు. "ఎక్కాం రా. బ్రహ్మాండంగా ఉంది. సరంగు పాట కూడా పాడాడు. నీళ్ళు అలాగే ఉన్నాయి" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. పెట్టేశాక నావైపు చూసి, "నిజం తెలిస్తే వాడి గొంతులో ఆ బిళ్ళ దిగదు. నిన్నూ ఓ మాటంటాడు. ఎందుకొచ్చిన గొడవ? వసంతంలో నువ్వూ నేనూ వెళ్దాంలే" అన్నారు. అలాగే అత్తయ్యా అన్నాను. నిజం చెప్పడానికి ఆ తరవాత నాకు రెండు నెలలు టైముంది. రోజూ మూడుపూటలా ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. జనవరి పద్దెనిమిదిన ఆవిడ వంటింట్లో పడిపోయేదాకా చెప్పలేదు.

ఇది తోమి గారికి కూడా తెలీదు. ఏడో రోజున ఆవిడ అగరొత్తి వెలిగించడానికి వచ్చి, ఫొటో ముందు కూర్చుని ఆ మిఠాయి కొట్టువాణ్ణి తిట్టిపోశారు.

"వాడి కొట్టు కూలిపోనూ! నేను చెప్పానమ్మా దీనికి. పదయ్యింది, టాక్సీ వాడు గొణుగుతున్నాడు, పదవే, నీ కోడలు తరవాత వస్తుంది, మనం ఎక్కేద్దాం అని. కదిలితేగా! మొండిది."

"ఎందుకు కదల్లేదండీ?" అని అడిగాను.

"'నోబుకో లేకుండా నేనెందుకే ఎక్కడం? నేను చూడని నదా అది? ఆ పిల్లకి చూపిద్దామని వచ్చా' అంది. 'నా కొడుక్కి తీరదు, ఇంక నా వెనక మా ఊరు చూసినవాళ్ళు ఎవరుంటారు, దానికైనా చూపిస్తే అది గుర్తుపెట్టుకుంటుంది' అంది. అని కూర్చుంది. ఇంక మేమేం చేస్తాం? మేమూ కూర్చున్నాం."

తోమి గారికి టీ పోస్తుంటే కళ్ళనీళ్ళకి కప్పు కనపడక బల్లంతా ఒలికింది. ఆవిడ నేను అత్తయ్య కోసం ఏడుస్తున్నాననుకుని నా వీపు నిమిరారు. ఆ చెయ్యి నా వీపు మీద పడుతుంటే చచ్చిపోవాలనిపించింది. బస్సు దగ్గర ఆవిడ మీతో అన్న మాట వెళ్ళిపోతున్న కొడుకుతో తల్లి అనే మాట, అంతే. దాన్ని పట్టుకుని నేను లెక్క తీర్చుకున్నాను. ఆవిడకి నా మీద ఏ లెక్కా లేదు.

అందుకే స్టేషన్‌లో నోరు తెరవలేకపోయాను. మీ పెట్టెని తిట్టే మొహం నాకు లేదు. మీకు ఆ పెట్టె అంటే భయం, దాని వెనక ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. నాకు ఆ రోజు ఏ భయమూ లేదు. కావాలనే కూర్చున్నాను.

కాబట్టి మార్చి మూడున మీరు ఆ పడవ సంగతి చెప్పడానికి వీల్లేదు. మీ ఎదురుగా తోమి గారు, షిగే గారు కూర్చుని ఉంటారు. షిగే గారికి వినపడకపోవచ్చు. తోమి గారు మాత్రం "ఎక్కడెక్కింది?" అని అక్కడే అనేస్తారు. అనకుండా అత్తయ్య మొహం చూసి ఊరుకుంటే నాకు ఇంకా కష్టం. ఆ రోజు మాట్లాడేది నేను మాట్లాడతాను. కాఫీ హోటల్ సంగతితో సహా. వాళ్ళిద్దరి పడవ కూడా నేనే పోగొట్టాను, తోమి గారి మోకాళ్ళు ఇంక ఆ రేవు మెట్లు దిగవు. తరవాత మీరు నన్ను ఏమన్నా పడతాను.

ఇంకొక్క విషయం. మీరు శుక్రవారం రాత్రికే రండి. ఒట్టి చేతులతో రండి. గుడి గురువుగారికి, ఎదురింటివాళ్ళకి, నాకు, ఎవరికీ ఏమీ తేవద్దు. వెళ్ళేటప్పుడు ఇక్కణ్ణుంచి ఏ పెట్టే పట్టుకెళ్ళవద్దు. ముప్పై ఎనిమిది మందీ ఒక్కసారి ఏమనుకుంటారో అనుకోనివ్వండి. తెస్తే మాత్రం ఈసారి నిజంగానే విసిరేస్తాను. పట్టాల మీదికి కాదు, నదిలోకి.

నిన్న పడవల ఆఫీసుకి ఫోన్ చేశాను. చలికాలంలోనూ నడుస్తాయట, పడవలో అడుగున కుంపటి, పైన దుప్పటి కప్పిన బల్లలు వేస్తారట. మార్చి రెండు, శనివారం, పదిన్నర పడవకి మూడు చోట్లు చెప్పాను. మీరు రాకపోతే రెండు చాలు. ఫోన్‌లో అమ్మాయి పేర్లు రాసుకుంటూ, మూడోవారు ఎవరండీ అని అడిగింది. మా అత్తగారు అన్నాను. వయసెంత అంది. డెబ్భై ఏడు అన్నాను.

"రేవు మెట్లు నిట్టనిలువుగా ఉంటాయండీ, మంచు కూడా పడుతోంది. పెద్దావిడ దిగలేరేమో" అంది.

ఫర్వాలేదమ్మా, నేను ఎత్తుకుంటాను అన్నాను.

ఇట్లు,
ఆ పొద్దున మీ సంచీ పట్టుకుని వెనక నిలబడిన
మీ భార్య,
నోబుకో.